కొబ్బరికాయ కొట్టకముందు

మా అత్త కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే చూడాలి. ధర విన్నాక ముందు వంకాయను చూస్తుంది, తర్వాత బండాయనను చూస్తుంది, ఆ తర్వాత ఆకాశంకేసి చూస్తుంది. నోరు మాత్రం విప్పదు. ఆయనే తగ్గిస్తాడు. వికారాబాద్‌లో కింద మా స్టూడియో, పైన మా ఇల్లు. పై కిటికీలోంచి ఆ తతంగం చూసి కడుపుబ్బ నవ్విన రోజునే అనుకున్నాను, ఈవిడ చేత వేషం వేయించకపోతే నా చేతిలో కెమెరా ఉండి దండగ అని.

నేనూ మా ఆయనా పెళ్లి వీడియోలు తీసేవాళ్లం. ముహూర్తాలున్న రోజుల్లో ఇప్పటికీ తీస్తాం. లేని రోజుల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోలేక, ఊరి ముచ్చట్లతో చిన్న చిన్న హాస్య చిత్రాలు తీయడం మొదలుపెట్టాం. అవి చూసి హైదరాబాద్‌లోని ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు తమకూ ఒకటి తీసివ్వమన్నారు. కథ నాదే. చాలా రోజులకు అల్లుడు అత్తగారింటికి వస్తాడు. అత్త కోడిని కోసి వండి పెడుతుంది. అల్లుడు తింటూనే ఉప్పు తక్కువని, ముక్క గట్టిదని వంకలు పెడుతుంటాడు. అత్త పళ్లు బిగబట్టి ఇంకా ఇంకా వడ్డిస్తుంటుంది. మాటలు తక్కువ, ముఖం ఎక్కువ. నవ్వు రావాలంటే అత్త ముఖంలోనే రావాలి.

ఆ అత్త వేషం మా అత్తకిచ్చాను. అల్లుడి వేషానికి కొడంగల్ వైపు బడిలో పనిచేసే ఒక సారు దొరికాడు. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వచ్చేస్తాడు. మా అత్త వారంలో సగం మా దగ్గర, సగం తాండూరుకు ఇవతల ఊళ్లో తన ఇంట్లో ఉంటుంది. అక్కడ ఆమెకు కంది చేనుంది, కోళ్లున్నాయి, అన్నింటికీ మించి ఆమె మాట వినే వాడకట్టు ఉంది. షూటింగ్ కూడా ఆ ఇంట్లోనే పెట్టుకున్నాం. వేషం ఖాయమైన రోజున ఆమె వికారాబాద్‌లో రైలెక్కి, ధారూర్ స్టేషన్ వచ్చేలోగా పెట్టెలోని ఆడవాళ్లందరికీ తాను సినిమాలో వేస్తున్నట్టు చెప్పేసిందట. సినిమా కాదు, యూట్యూబ్ అని చెప్పమంటే వినలేదు.

"అదంత చెప్పుకుంట కూసుంటే తాండూర్ వస్తది. సిన్మ అంటే అందరికి సమజైతది" అంది.

దోమ అనే ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, ఫోన్‌లో అది వచ్చిన రోజున కోడళ్లందరినీ కూర్చోబెట్టి చూపించాలని హుకుం కూడా జారీ చేసింది. అంత ఇష్టపడి ఆమె ఏదైనా చేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

తీరా మొదటి రోజు కెమెరా పెట్టి 'యాక్షన్' అనగానే మా అత్త చేతులు రెండూ తొడలకు ఆనించి, గడ్డం కాస్త పైకెత్తి, కళ్లార్పకుండా బిగుసుకుపోయింది. అచ్చం ఆధార్ కార్డు ఫోటోకు కూర్చున్నట్టు.

"అత్తమ్మా, జర కదులు" అన్నాను.

"కదిల్తే ఫోటో ఖరాబ్ కాదా?" అంది, పెదవులు కదలకుండా.

ఆమె తప్పేముంది? ఆమె జీవితంలో కెమెరా అంటే రేషన్ కార్డు, ఆధార్, పింఛను. ప్రతిసారీ ఎవరో ఒకరు కదలొద్దు, నవ్వొద్దు అని గద్దించినవాళ్లే. ఇన్నేళ్లు నేర్చుకున్న క్రమశిక్షణ నేను ఒక్కమాట అంటే పోతుందా? ఎంత చెప్పినా 'యాక్షన్' దగ్గర బిగుసుకోవడం, 'కట్' అనగానే "ఎట్లొచ్చింది బిడ్డా?" అని ముఖమంతా విప్పార్చుకుని అడగడం. ఆ అడిగే ముఖమే నాకు కావలసింది. అదేమో కెమెరా ఆపాకే వచ్చేది.

తీసింది ఛానెల్‌కు పంపాం. శనివారం సాయంత్రం వాళ్ల మనిషి ఫోన్ చేశాడు. నేను అత్త ఇంటి వెనక వాకిట్లో నిలబడి మాట్లాడాను. ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేక స్పీకర్ పెట్టుకున్నాను.

"మేడమ్, కథ బాగుంది. ఆ పెద్దావిడే కట్టెలా ఉంది. రేపటిలోగా ఆవిడతో ఒక్క మంచి సీను పంపండి, చూద్దాం. లేదంటే సోమవారం పొద్దున రైలుకు మా ఆర్టిస్టును పంపిస్తాం. ఆవిడ సీనియర్, ఒక్క పూటలో అయిపోతుంది" అన్నాడు.

సరేనని పెట్టేశాను. సినిమా ఎలాగూ పూర్తవుతుంది, నాకొచ్చే నష్టం లేదు. కానీ సోమవారం మా అత్త ఇంట్లో, మా అత్త పొయ్యి ముందు, ఇంకెవరో వచ్చి కూర్చుని 'అల్లుడా, ఇంకొంచెం ఏసుకో' అంటుంటే ఈమె ఎక్కడ నిలబడాలి? వాడకట్టు ఆడవాళ్లు ఊరుకుంటారా? చెల్లెలికి ఏమని చెప్పుకోవాలి? ఈ సంగతి ఆమెకు చెప్పాల్సిన నోరు నాదే అని తలచుకుంటే అన్నం సహించలేదు. మా ఆయనకు మాత్రం చెప్పాను. ఆయన "అమ్మకు నువ్వే జెప్పాలె" అని ముందే చేతులు దులుపుకున్నాడు.

మా షూటింగ్‌లో ఒక పద్ధతి ఉంది. రోజూ మొదటి షాట్‌కు ముందు కెమెరాకు పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి తిప్పి, కొబ్బరికాయ కొడతాం. మొదటి రోజు కొడితే చాలదా అని నేను అంటే మా అత్త ఒప్పుకోలేదు. మా మామ బతికున్నప్పుడు కొత్త ట్రాక్టరును పూజ కాకముందే చేను దాకా తోలుకెళ్తే అది మలుపు దగ్గర కాలువలో బోర్లా పడిందట. ఆ రోజు నుంచీ ఆమె ఏది మొదలుపెట్టినా కొబ్బరికాయ పగలాల్సిందే. బోరు మోటారు బాగుచేయించి తెస్తే దానికీ కొడుతుంది. కొబ్బరికాయ కొట్టందే కెమెరా నిద్ర లేవదని ఆమె నమ్మకం. అప్పటిదాకా దాని ముందు నిలబడి నన్ను తిట్టేది, సారును ఆటపట్టించేది, పక్కింటావిడ నడక చేసి చూపించేది.

శనివారం అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే ఈ సంగతే తట్టింది. పెళ్లి వీడియోల్లో నేను నేర్చుకున్నదీ ఇదే. తలంబ్రాల దగ్గర ఎవరి ముఖమూ వాళ్లది కాదు. వీడియో లైటు ఆర్పి, 'అన్నాలకు పోదాం' అన్నాక పెళ్లికూతురి తల్లి ఒక మూల కూర్చుని కాళ్లు చాపుకుంటుంది చూడండి, అదీ అసలు ముఖం. లైటు ఆర్పినా కెమెరా ఆపకుండా అలాంటివి నేను ఎన్నో పట్టుకున్నాను. రేపు కొబ్బరికాయ మరిచిపోవాలి, అంతే.

ఆదివారం పొద్దున లేచేసరికి మా అత్త పెరట్లో గంప ఎత్తి, గుడ్లు పెట్టే నల్లపెట్టను చంకన పెట్టుకుని బయలుదేరుతోంది.

"గుడ్లు పెట్టే పెట్టనెందుకు కోసుడు అత్తమ్మా? తాండూర్‌ల చికెన్ తెస్తే ఐపోతది గద" అన్నాను.

"నా కోడి, నా ఇష్టం. నువ్వు నీ కెమెర జూస్కో" అని వెళ్లిపోయింది.

ఎవరి చేతనో కోయించుకొస్తుందనుకున్నాను. వచ్చేసరికి చాలాసేపైంది. గిన్నెలో కోడి, నుదుట రోజూకంటే పెద్ద బొట్టు. షూటింగ్ కోసం ముస్తాబా అని వేళాకోళం చేస్తే నవ్వలేదు. మాట్లాడకుండా మసాలా నూరుకోవడం మొదలుపెట్టింది. నాకు మాత్రం అదేం పట్టలేదు. నా నాటకం నాకుంది.

సారు వచ్చాక అతన్ని బావి దగ్గరికి పిలిచి, ఏం చేయాలో చెవిలో వేశాను. తర్వాత కెమెరాను వంటింటి గడప దగ్గర పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టాను. రికార్డింగ్ మొదలైతే వెలిగే ఎర్ర లైటు ఒకటి ఉంటుంది కదా, బొట్టు సరిగ్గా దాని మీదే పెట్టాను. పైన ఇంకాస్త కుంకుమ అద్దాను.

"బొట్టు గంత పెద్దగనా?" అంది మా అత్త.

"దిష్టి తాకుతది అత్తమ్మా" అన్నాను.

ఇక కొబ్బరికాయ కోసం సంచి వెతికినట్టు వెతికి, మరిచిపోయామని నెత్తి కొట్టుకున్నాను. తాండూరు పోయి తెమ్మని మా ఆయనను పంపాను. ఆయనకు అబద్ధమాడటం చేతకాదు. అమ్మ ముఖం చూస్తే అంతా కక్కేస్తాడు. అందుకే ఊరు దాటించడమే మేలనుకున్నాను. స్టేషన్ దగ్గర చాయ్ తాగి, మళ్లీ ఇంకో చాయ్ తాగి, నేను ఫోన్ చేశాకే రమ్మన్నాను.

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో, పక్కింటావిడ కొబ్బరికాయ పట్టుకుని గోడ దగ్గర ప్రత్యక్షమైంది. "టెంకాయకోసం తాండూర్ దాక పోవుడెందుకు? మా ఇంట్ల లేదా?" అంది. ఈ ఊళ్లో సాయం చేయని పొరుగువాళ్లు ఒక్కరు కూడా లేరా భగవంతుడా అనుకున్నాను. మా అత్త ఆ కాయను అందుకుని, చెవి దగ్గర ఊపి చూసి, తిప్పి చూసి, వెనక్కి ఇచ్చేసింది.

"పిలక లేదు గద. పిలక లేని కాయ దేవునికి కొడ్తరా?" అంది.

పక్కింటావిడ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. "కాయ వచ్చేదాక ఊకె ప్రాక్టీస్ చేద్దాం అత్తమ్మా" అంటూ, గుడ్డతో తుడుస్తున్నట్టు కెమెరా దగ్గరికెళ్లి బటన్ నొక్కాను.

సారు పీట మీద కూర్చున్నాడు. ఉత్త చేతులతో వడ్డించడం తనకు రాదని మా అత్త పొయ్యి మీది గిన్నెనే తెచ్చింది. కూర పొగలు కక్కుతోంది. వాసనకు నా నోరే ఊరింది. గరిటె నిండా ముక్కలు తీసి విస్తరి మీదికి వంచబోయింది. సారు విస్తరికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"నాకొద్దత్తమ్మా. నేను నీసు బందు జేసిన."

ఇది కథలో లేని మాట. మా అత్త చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఎప్పటి సంది?"

"శ్రావణం సంది."

కెమెరా నిద్రలో ఉంది కాబట్టి సారు నిజమే చెబుతున్నాడనుకుంది ఆమె. గరిటెను చూసింది. సారును చూసింది. తర్వాత తల తిప్పి, వాకిట్లో బోర్లించి ఉన్న గంపను చూసింది. పొద్దున ఆ పెట్టను తీసిన గంప. అలా చూస్తూనే ఉంది. ఆమె కళ్లు తడిగా మెరిశాయి. పొయ్యి పొగేమో అనుకున్నాను. చివరికి గరిటెను మెల్లగా గిన్నెలోకి దించి, చాలా మర్యాదగా అంది.

"నువ్వు బందు జేసినవ్, మంచిదే. మరి కోడికెవ్వలు జెప్పాలె?"

సారు విస్తరి మీదికి వంగిపోయాడు. నవ్వు ఆపుకోలేక అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని మాటలు రాసుంటాను, ఆ ఒక్కమాట నాకు ఎప్పుడైనా తట్టిందా? మా అత్తకు మాత్రం నవ్వు రాలేదు. "ముందే జెప్తే పప్పన్న వండుదు గద సారూ" అంటూ నిజంగానే నొచ్చుకుంది. అదంతా ప్రాక్టీసు కోసం అన్న మాటేనని సారు బతిమాలి చెప్పాకే ఆమె ముఖం తేటపడింది.

మా ఆయనకు ఫోన్ చేశాను. కొబ్బరికాయ వచ్చింది. మా అత్తే కొట్టింది, సమంగా రెండు చెక్కలైంది. ఎర్ర లైటు కనబడాలని నేను బొట్టు తుడిచేశాను. ఆమె గడ్డం పైకెత్తి, చేతులు తొడలకు ఆనించింది.

సాయంత్రం దాకా తీశాం. ఉప్పు తక్కువ, ముక్క గట్టిది, ఇంకొంచెం ఏసుకో. ఏ ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఎండ పెరట్లోంచి గోడ మీదికి ఎక్కాక మా అత్త గిన్నె కింద పెట్టి, గడప మీద కూలబడింది.

"నాతోని అయితలేదు బిడ్డా" అంది.

ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. పొద్దుటిది చూపిస్తే ఏమంటుందోనని అప్పటిదాకా భయం. పూజ కాకుండా తీసిందని ఒప్పుకోకపోతే? తుడిచెయ్యమంటే? ఆ ట్రాక్టరు కథ ఆమె నాకు పెళ్లైన కొత్తలోనే చెప్పింది, ఇప్పటికీ ఆ మలుపులో చెప్పులు లేకుండా నడుస్తుంది. అయినా ఇక చూపించక తప్పదు. లాప్‌టాప్ తెచ్చి ఆమె పక్కన గడప మీద పెట్టాను.

ఆమె చూసింది. గరిటె, సారు, గంప, ఆ మాట. అయిపోయాక కూడా తెర వైపే చూస్తూ కూర్చుంది.

"గిదెప్పుడు దీసినవ్?"

"టెంకాయ రాకముందు అత్తమ్మా."

మా ఆయన ఉన్నట్టుండి దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సారు చెప్పులేసుకుని వాకిట్లోకి వెళ్లాడు. ఆమె కెమెరా వైపు చూసింది.

"అందుకేనా అంత పెద్ద బొట్టు?"

"నీకు వద్దంటే తీసేస్త అత్తమ్మా. ఎవ్వరికి పంప."

"ఇంకోపారి పెట్టు" అంది.

మళ్లీ పెట్టాను. ఈసారి గంప దగ్గరికి వచ్చేసరికి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమెకే నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరి మాటో విన్నట్టు నవ్వింది.

"ఎందుకు తీసేస్తవ్? పూజ కాలేదని ఎవ్వలన్నరు? పొద్దుగాల కోడిని కట్ట మైసమ్మ కాడనే కోయించిన. టెంకాయ మీది, కోడి నాది. పంపు" అంది.

అప్పుడర్థమైంది పొద్దుటి పెద్ద బొట్టు. నేను వెంటనే పంపించేశాను. పంపాక వెనక వాకిట్లో తచ్చాడుతూ ఫోన్ చూసుకుంటూ ఉన్నాను. కాసేపటికి ఫోన్ మోగింది. ఛానెల్ మనిషి నవ్వుతూనే మాట్లాడాడు. సీను అలాగే ఉంచమన్నాడు, కథ మిగతాది దానికి తగ్గట్టు మార్చుకోమన్నాడు. సోమవారం తమ ఆర్టిస్టు అక్కర్లేదన్నాడు. "ఆ గంప వైపు చూసిన చూపు మీరు చెప్పి చేయించారా మేడమ్?" అని కూడా అడిగాడు. లేదన్నాను.

గోడకు ఆనుకుని నిలబడ్డాను. పొద్దుటి నుంచి బిగబట్టినదంతా ఒక్కసారి వదులైంది. శనివారం నుంచి మూసుకుపోయిన ఆకలి కూడా అప్పుడే వేసింది. ఆమె బదులు ఇంకొకరిని పంపుతామన్న సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియకుండా పోయినందుకు కనబడిన దేవుళ్లందరికీ దండం పెట్టుకుని లోపలికెళ్లాను.

మా అత్త పొయ్యి దగ్గర కూర వెచ్చబెడుతోంది. సారు మళ్లీ విస్తరి ముందు కూర్చున్నాడు.

"సీను వాళ్లకు మస్తు నచ్చిందట అత్తమ్మా" అన్నాను, అంతవరకే.

"మరి ఆ పట్నపామెకు రావద్దని జెప్పిన్రా? పాపం, పొద్దుగాలనే లేసి రైలెక్కుతదేమో" అంది, గరిటె తిప్పుతూ.

మా ఆయన వైపు చూస్తే, నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"నీకెట్ల తెలుసత్తమ్మా?"

"నిన్న నువ్వు ఫోన్‌ల మాట్లాడంగ నేను గోడవతల దండెం మీది చీరలు తీస్తున్న. ఆయన గంత గట్టిగ మాట్లాడ్తుంటె వినబడదా?"

శనివారం సాయంత్రమే విన్నది. విని, ఒక్కమాట అనకుండా నాకు అన్నం పెట్టింది. తెల్లారి లేచి, ఇంట్లో గుడ్లు పెట్టే ఒకే ఒక్క పెట్టను చంకన పెట్టుకుని చెరువు కట్ట మీదికి పోయింది. ఆమె ఏమని మొక్కుకుందో నేను అడగలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వెళ్లి ఆమె పక్కన కింద కూర్చున్నాను.

ఆమె సారు విస్తరిలో ముక్కలు వేసింది. ఈసారి అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. నాకూ ఒక విస్తరి పరిచి, వడ్డిస్తూ వాకిట్లోకి ఒకసారి చూసింది.

"ఆ గంప ఖాళీగుంటె మంచిగనిపిస్తలేదు బిడ్డా. అంగడి నాడు ఇంకో పెట్టను తెచ్చుకుందాం" అంది.